కడిగినా పోని గరుకు

సాయంత్రం కోర్టు మూసేలోపు సాంసన్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతానని సీఐ జగదీశ్ టీవీ వాళ్లకు మాటిచ్చేశాడు. మీసం దువ్వుకుని మరీ ఇచ్చాడు. ఆ వీడియో చూసినప్పటి నుంచి నాకు టిఫిను రుచించలేదు. తినలేదని కాదు, రుచించలేదంటున్నాను.

నా పేరు జోగులమ్మ. పుట్టింది అలంపూర్‌లో, పొట్టపోసుకునేది వనపర్తిలో. జిరాక్స్ షాపు పైన మేడ మీద నా డిటెక్టివ్ ఏజెన్సీ. బోర్డు చూసి నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నవ్వినవాళ్లలో సగం మంది తర్వాత మెట్లెక్కి పైకొచ్చినవాళ్లే.

కేసు చిన్నదే. మల్దకల్‌లో కంపెనీల కోసం రైతులతో పత్తి విత్తనాలు పండించే సీడ్ ఆర్గనైజర్ వెంకట్రాములు ఆదివారం నుంచి కనబడడం లేదు. మర్నాడు పొద్దున అతని జీపు ఇటిక్యాల దగ్గర కాలవ గట్టు మీద దొరికింది. సీటు మీద రక్తం, సీటు కింద పన్నుకు తొడిగే క్యాప్ ఒకటి. శవం లేదు, కాలవలో కొట్టుకుపోయిందన్నారు. రక్తం అతనిదేనని తేలింది. క్యాప్ కొలతలు అతనివేనని గద్వాలలో అతనికి క్యాప్ వేసిన పళ్ల డాక్టర్ పూజ రాసిచ్చింది. జీపు డ్రైవర్ సాంసన్ అంతకు కొన్ని రోజుల ముందే యజమానితో గొడవపడ్డాడు. ఇంకేం, పట్టుకొచ్చి లోపలేశారు.

గొడవ దేనికో మాత్రం సీఐ టీవీలో చెప్పలేదు. నకిలీ విత్తనాలను మంచి కంపెనీ సంచుల్లోకి ఎత్తిపోయడం సాంసన్ కళ్లారా చూశాడు. "మావోళ్ల చేన్లన్ని పోయినయి. నేను వ్యవసాయాఫీసర్‌కు చెప్త" అని యజమాని ముఖం మీదే అన్నాడు. చెప్పడానికి వెళ్లాల్సిన రోజుకు హంతకుడై కూర్చున్నాడు. ఇంత చక్కగా కలిసొచ్చే చావు నేనెక్కడా చూడలేదు.

అతని భార్య ప్రేమలత నా ఆఫీసుకొచ్చినప్పుడు ఏడవలేదు. "అమ్మా, మా ఆయన కోడిని గూడ కొయ్యలేడు. క్రిస్మస్‌కు గూడ పక్కింటోళ్లతోనే కోయిపిస్త" అంది. ఆ ఒక్క మాటకు నేను కేసు ఒప్పుకున్నాను.

* * *

పొద్దున్నే మల్దకల్ వెళ్లాను. వెళ్లే దారిలో డాక్టర్ పూజకు ఫోన్ చేసి ఒక చిన్న పని అప్పజెప్పాను. అదేమిటో సమయం వచ్చినప్పుడు చెబుతాను.

వెంకట్రాములు భార్య జానకమ్మ అరుగు మీద చుట్టాల మధ్య కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఇంకేం అడుగుతవక్కా? పోలీసోళ్లకు అంత చెప్పిన గద."

"గదే జర నాకు గూడ చెప్పు. ఆదివారం జీపు ఎవరు నడిపిన్రు?"

"సాంసనే. చీకటి పడంగ ఇద్దరు కలిసి పోయిన్రు."

"సాంసనేమో సారే స్టీరింగు పట్టిండు, నన్ను ఇంటికి పొమ్మన్నడు అంటుండు."

"చంపినోడు గట్ల చెప్పక ఎట్ల చెప్తడు?"

"మరి నీ పెనిమిటికి ఆ క్యాప్ ఎప్పుడన్న ఊడిందా? కదిలిందా? రొట్టె తినేటప్పుడు గిట్ల ఇబ్బంది పడ్డడా?"

"ఎన్నడు లేదు. గట్టి జొన్నరొట్టె గూడ మంచిగ నమిలెటోడు" అని గర్వంగా చెప్పింది. చెప్పాక ఎందుకు చెప్పానా అన్నట్టు పెదవి కొరుక్కుంది. పోలీసుల లెక్కలో సాంసన్ గుద్దుకు ఊడిపడ్డ క్యాప్ జొన్నరొట్టెకు కదలలేదన్నమాట.

ఇంటి వెనక గోదాము చూస్తానన్నాను. వద్దనడానికి చుట్టాల ముందు ఆమెకు నోరు రాలేదు. లోపల ఖాళీ సంచులు, మందు డబ్బాలు, గోడకు ఆనించి డ్రిప్పు పైపుల చుట్టలు. చుట్టల మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

"ఈ యేడు డ్రిప్పు ఇంక పరవలేదా?"

"యాడక్కా. సామాను దిగింది గని పని మొదలు పెట్టలే."

పైపుల పక్కనే పీవీసీ మెయిన్ పైపులను అతికించే సొల్యూషన్ డబ్బా ఉంది. దాని మూత సరిగ్గా బిగించలేదు. పైన తోలులా గడ్డకట్టింది, బ్రష్షు ఎండి కట్టెలా అయింది. మూత తీయగానే ముక్కుపుటాలు అదిరే ఘాటు. బోరు దగ్గర ఒక్కసారి పైపులు అతికిస్తుంటే నిలబడినవాళ్లు ఆ వాసన మర్చిపోరు. ఒక్క పైపూ అతికించలేదు, సొల్యూషన్ మాత్రం వాడారు.

"ఇదెవరు తెరిచిన్రు జానకమ్మా?"

"ఏమో. నాకు తెల్వదు."

డబ్బాను ఫోటో తీసుకున్నాను. తిరిగి అరుగు మీదికొచ్చి అందరికీ వినబడేలా గొంతు పెంచాను.

"ఒక్క మాట చెప్పిపోత. జీపుల దొరికిన క్యాప్ మీద మాకు అనుమానముంది. గసుంటిదే ఇంకోటి ఉన్నట్టుంది. అది ఎవరి నోట్ల ఉంటె వాడే వెంకట్రాములు. డాక్టరమ్మ ఆ కొలతలు ఊరూర పంపనీకె తయారైంది. ఇగ మొహం మార్చినా, మీసం తీసినా, పన్ను పట్టిస్తది."

జానకమ్మ చేతిలోని చాయ్ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది. నేను ఆటో ఎక్కేలోపు ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకుంది. తలుపు వెనక ఎవరికి ఫోన్ చేస్తుందో వినాల్సిన అవసరం నాకు లేదు. గింజ వేశాను, మొలిస్తే చాలు.

* * *

డాక్టర్ పూజ క్లినిక్కు గద్వాలలో బస్టాండుకు దగ్గర్లోనే. నేను వెళ్లేసరికి ప్రేమలత బెంచీ మీద కూర్చుని ఉంది, చేతిలో సాంసన్‌కు తెచ్చిన అన్నం డబ్బా. స్టేషన్లో లోపలికి పోనివ్వలేదట.

డాక్టరమ్మ తాను రాసిచ్చినదానికి ఒక ముక్క చేర్చాలనుకుంటోందని నేనే సీఐకి కబురు పెట్టాను. చేర్చకపోతే కోర్టులో చెబుతుందని కూడా అన్నాను. అందుకని జగదీశ్ సాక్షులుగా ఇద్దరు పంచులను, వీడియో తీసే కానిస్టేబుల్‌ను, సీలు వేసిన కవరును వెంటబెట్టుకుని దిగాడు. నన్ను చూడగానే ముఖం చేదు మింగినట్టు పెట్టాడు.

"జోగులమ్మా, కుట్టుమిషను పెట్టుకోరాదు? పొద్దు పోతది."

"పెడ్త సారు. మీ కేసుల చిరుగులు కుట్టనీకె ఎట్లైన ఒకటి కావాలె."

పంచుల్లో ఒకాయన దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు.

"సంగతికి రాండ్రి" అన్నాడు జగదీశ్. "సాంసన్ మొహం మీద గుద్దిండు, క్యాప్ ఊడి కింద పడ్డది. గింతే గద. ఇంక చేర్చేదేంది?"

పూజ చిన్నవయసు మనిషి. మాట మెత్తన, కానీ పని గురించి మాట్లాడితే మెత్తదనం ఉండదు.

"నేను అంటించిన క్యాప్ గుద్దితె ఊడదు సార్. పన్నే ఇరుగుతది. ఇరిగిన పన్ను ముక్క క్యాప్ లోపల ఉండాలె. దీంట్ల లేదు."

"అయితె మీ పనే సక్కగ లేదేమో డాక్టరమ్మా. ఉమ్మి తుడ్వకుంటనే అంటించిన్రేమో. నేను గూడ నెట్‌ల చదివిన. లోపల శుభ్రం లేకుంటె సిమెంటు పట్టదు, క్యాప్ ఉత్తగనే ఊడొస్తదంట."

పూజ చెవులు ఎర్రబడ్డాయి. ఈ ఊళ్లో ఆమె క్లినిక్కు తెరిచి ఎన్నాళ్లో కాలేదు. 'డాక్టరమ్మ చేతకానితనం వల్ల క్యాప్ ఊడింది' అని కోర్టు కాగితంలో పడితే ఆ కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోరు.

"చదివింది నిజమే సార్" అంది. "అందుకే నా పద్ధతి వేరు పెట్టుకున్న. సిరామిక్ క్యాప్ లోపల సిమెంటు పట్టాలంటె ముందు ఒక ఆసిడ్ పెట్టి గరుకు చెయ్యాలె. గాజును తినే ఆసిడ్ అది. శానా ల్యాబులు వాళ్లే గరుకు చేసి పంపుతరు. నేను వద్దంట. ఎందుకంటె క్యాప్‌ను ముందు పన్నుకు తొడిగి చూస్తం. అప్పుడు ఉమ్మి, ఒక్కోసారి రక్తం అంటుతయి. గరుకు సందుల్ల ఉమ్మి ఇంకితె కడుగుడు కష్టం. అందుకని తొడిగి చూసినంక, కడిగి, ఆరబెట్టి, అప్పుడు నా చేతులతోనే ఆసిడ్ పెడ్త. మళ్ల కడుగుత. ఒక పూత పూస్త. అప్పుడే సిమెంటు. ఇంత వరకు నేను అంటించింది ఒక్కటి ఊడలే."

"మాటలు ఎవరైన చెప్తరు."

"అయితె కవరు ఇప్పుండ్రి. చూపిస్త."

జగదీశ్ ఒక క్షణం ఆలోచించి సీలు విప్పించాడు. వద్దంటే భయపడినట్టుంటుంది. ఆయనకు భయపడినట్టు కనబడడం కంటే ఓడిపోవడమే నయం.

పూజ చేతులకు తొడుగులు వేసుకుని, క్యాప్‌ను పట్టకారుతో పట్టి లైటు కింద పెద్ద లెన్సులో చూపించింది. లోపల పసుపుపచ్చ పొర ఒకటి ఉంది.

"అదిగో సిమెంటు!" అన్నాడు జగదీశ్.

పూజ సన్నని పరికరంతో అంచు దగ్గర గీకింది. పొర మొత్తం కాగిన పాల మీది మీగడలా ఒక్క ముక్కగా లేచొచ్చింది. "పళ్ల సిమెంటు గిట్ల పొరలాగ రాదు సార్. గట్టిపడి పొడిపొడిగ రాల్తది." ఆ పొరను ఇంకో కవర్లో పెట్టే ముందు నాకేసి చూపింది. నేను వంగి వాసన చూశాను.

ఇన్ని రోజులూ కవర్లో మూసి ఉంచినందుకేమో, సన్నగానైనా ఆ ఘాటు పోలేదు.

"సారు, జర మీరు గూడ చూడుండ్రి. మీకు వ్యవసాయం ఉంది గద. ఇది ఏందో మీకే తెలుస్తది."

జగదీశ్ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. పక్కనున్న పంచు ఆగలేక అనేశాడు: "గిది పైపుల సొల్యూషన్ గద!"

ఫోన్లో నేను తీసిన డబ్బా ఫోటో వాళ్ల ముందు పెట్టాను. పైపులు అతికించిన చేయి పన్నును కూడా పైపులాగే అనుకుంది. సిమెంటంటే అతికించేదే కదా, పసుపుగా ఉంటే చాలనుకుంది. దంతవైద్యం ఎరిగినవాడెవడూ ఈ పని చేయడు. డ్రిప్పు పైపుల మధ్య బతికేవాడికి మాత్రం చేతికందేది ఇదే.

జగదీశ్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "ఊడితె ఇంట్ల సొల్యూషన్ పెట్టి అతికిచ్చుకున్నడేమో. పల్లెటూర్ల గట్ల చేస్తరు."

అది కొట్టిపారేసే మాట కాదు. మనిషి మొండివాడే గానీ మొద్దు కాదు.

"మంచి మాట" అంది పూజ. "అట్లయితె ఇది ఒకప్పుడు నేను గరుకు చేసిన క్యాపే అయి ఉండాలె. చూద్దం." ఇంకో రోగి కోసం ల్యాబు నుంచి వచ్చిన కొత్త క్యాప్ తీసింది. అదే రకం సిరామిక్. దాని లోపల ఆసిడ్ జెల్ పెట్టి, కొద్దిసేపు ఆగి, జాగ్రత్తగా కడిగి, ఆరబెట్టింది. లెన్సులో చూస్తే లోపలంతా సుద్ద పూసినట్టు మసక తెలుపు. దాంట్లో ఒక నీటిచుక్క వదిలింది. చుక్క కనబడకుండా పరుచుకుపోయింది. జీపులో దొరికిన క్యాప్‌లో ఇంకో చుక్క వదిలింది. అది చామాకు మీద చుక్కలా గుండ్రంగా నిలబడింది.

"ఉమ్మి అంటి ఉంటది, జిడ్డు అంటి ఉంటది" అన్నాడు జగదీశ్ వెంటనే. "గరుకు జిడ్డు కింద దాగింది. మీ కొత్తదానికి గూడ ఉమ్మి అంటియ్యి, అప్పుడు చూద్దం!"

"అంటిద్దం" అన్నాను నేను. "ఎవరిదో ఎందుకు, మీదే ఇయ్యుండ్రి సారు. రేపు డాక్టరమ్మ మోసం చేసిందనకుంట."

గదిలో అందరూ ఆయన నోటి వైపే చూశారు. వీడియో తీస్తున్న కానిస్టేబుల్ ఫోను కొంచెం దగ్గరికి జరిపాడు కూడా. పూజ దూది పుల్ల అందించింది. సీఐ జగదీశ్ మీసం పక్కకు తోసుకుని నోరు తెరిచాడు. ఇన్నేళ్ల వృత్తిలో నాకు అంత తృప్తి కలిగిన దృశ్యం ఇంకోటి లేదు.

ఆ దూదిని కొత్త క్యాప్ లోపల బాగా రుద్ది ఆరనిచ్చింది. ఈసారి నీటిచుక్క దాంట్లో కూడా నిలబడింది.

"చూసిన్రా!" అన్నాడు జగదీశ్, గెలిచినట్టు.

"ఆగుండ్రి సార్. ఇప్పుడు రెండూ కడుగుత."

రెండు క్యాపులకూ ఒకే కడుగుడు. ముందు స్పిరిట్. తర్వాత నీలం రంగు జెల్ పెట్టి రుద్దడం. తర్వాత ధారగా నీళ్లు. ఆ తర్వాత నీళ్లను సన్నగా వణికించే చిన్న మిషనులో రెండు గిన్నెలు పెట్టి తిప్పడం. చివర గాలి కొట్టి ఆరబెట్టడం. ఆమె చేతులు ఒక్కచోట కూడా తడబడలేదు. ప్రేమలత లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. సాంసన్ బతుకు ఆ చిన్న గిన్నెల్లో తిరుగుతోందని అందరికీ తెలుసు.

"ఈ నీలం జెల్ జిడ్డును తీస్తది, సిరామిక్‌ను ఏం చెయ్యదు" అంది పూజ. "మురికైతె కడిగితె పోతది సార్. గరుకు పోదు. అది మురికి కాదు, సిరామిక్‌కు పడ్డ గాటు. ఎన్నిసార్లు కడిగినా ఉంటది."

లెన్సు కింద రెండూ పక్కపక్కన పెట్టింది. సీఐ ఉమ్మి పోయిన క్యాప్ మళ్లీ సుద్దలా మసకబారి, నీటిచుక్కను మళ్లీ మింగేసింది. జీపులో దొరికినది అద్దంలా తళుక్కుమంది. చుక్క కొంచెం జారింది గానీ పరుచుకోలేదు.

"దీనికి ఎవరూ ఎన్నడూ ఆసిడ్ పెట్టలే" అంది పూజ. "ఇది నేను అంటించింది కాదు. ఇది ఎవరి పన్నుకూ అంటలేదు."

"మరి కొలతలు?"

ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి కర్నూలులోని ల్యాబుకు కలిపింది. అక్కడ పనిచేసే ఏసురత్నం ఎత్తాడు.

"ఏసురత్నంగారూ, మల్దకల్ వెంకట్రాములు క్యాప్ మీరు ఎన్ని చేసిన్రు?"

"రెండు గదా మేడమ్! క్యాప్ పగిలిపోయింది, అదే కంప్యూటర్ కొలతతో ఇంకోటి చేయమని మీ కాంపౌండర్ చెప్పినాడు. ఆయనే వచ్చి తీసకపోయినాడు. మామూలుగా మీరు చెప్పినట్టే, లోపల ఆసిడ్ పెట్టకుండానే ఇచ్చినాము."

"నాకు కాంపౌండర్ లేడండీ."

ఆమె ఫోన్ పెట్టేసింది.

వేరే ల్యాబు అయితే రెండో క్యాప్ కూడా గరుకు చేసి ఇచ్చేది, సాంసన్ జైల్లో కుళ్లిపోయేవాడు. ఉమ్మి అంటిన సిరామిక్‌ను నమ్మని ఒక డాక్టరమ్మ పట్టుదల అతన్ని కాపాడింది. ఆ క్షణాన ఆమెను కావలించుకోవాలనిపించింది. తొడుగులు వేసుకుని ఉందని ఆగాను.

"సారు" అన్నాను, "క్యాప్ దొంగది. కాంపౌండర్‌నని చెప్పి వెంకట్రాములే చేయించుకున్నడు. రక్తం అసలుదే, సిరంజితోని తీస్తె ఎవరికైన వస్తది. వెంకట్రాములు చావలే. విత్తనాల కేసు తప్పించుకోనీకె చచ్చినట్టు నటించిండు. సాక్షి సాంసన్‌ను హంతకున్ని చేసిండు. ఒక్క దెబ్బకు రెండు పనులు."

జగదీశ్ నుదురు తుడుచుకున్నాడు. పంచులు ఆయన వైపు చూడడం మానేశారు. అయినా ఆఖరి పట్టు వదల్లేదు. "కోర్టుల క్యాపులు కడిగి చూపియ్యనీకె రాదు జోగులమ్మా. చావకుంటె మనిషేడి? మనిషిని చూపియ్యి. లేకుంటె సాయంత్రం సాంసన్ లోపలికే."

సరిగ్గా నా దగ్గర లేనిది అదే. నేను పూజ వైపు చూశాను. పూజ తన ఫోన్ వైపు చూసింది.

పొద్దున నేను అప్పజెప్పిన పని ఇది: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పళ్ల డాక్టర్లందరికీ కలిపి ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పెట్టమన్నాను. 'నొప్పి లేకపోయినా, పైవరుస కుడిపక్క మంచి క్యాప్ పీకెయ్యమని ఎవడైనా తొందరపెడితే వెంటనే నాకు ఫోన్ చేయండి.' పన్ను పట్టిస్తుందని భార్య చెప్పాక, ఏ తెలివైనవాడైనా ఆ పన్నును వదిలించుకోవాలనే చూస్తాడు.

మధ్యాహ్నం దాకా ఒక్క ఫోనూ రాలేదు. జగదీశ్ క్యాప్‌ను తిరిగి కవర్లో పెట్టించి, సీలు వేయించి, టోపీ సర్దుకుని లేచాడు.

అప్పుడు మోగింది ఫోను. నాగర్‌కర్నూల్ నుంచి డాక్టర్ జయరాజు. పెద్దవయసు మనిషి, పూజకు గురువులాంటివాడు. స్పీకర్‌లో ఆయన గొంతు గుసగుసగా వచ్చింది.

"పూజమ్మా, నీవు గ్రూపుల పెట్టినోడు వచ్చినట్టుండు. మీసం లేదు, గుండు కొట్టిచ్చుకున్నడు. నొప్పి లేదంట, క్యాప్ మాత్రం ఇప్పుడే తియ్యాలంట. తిమ్మిరి సూది ఇచ్చి, తీసే పరికరం పెట్టి కొట్టి కొట్టి నా చెయ్యి నొస్తుంది. ఇంచు గూడ కదుల్తలేదు. నీ పనే అనుకుంట. ఏం పెట్టి అంటించినవమ్మా?"

పూజ కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు కూడా ఆగలేదు.

"కడిగి అంటించిన సార్" అంది.

"అయితె ఇది ఇగ రాదు. మిషనుతోని కోసి ముక్కలు చెయ్యాలె."

"కొయ్యుండ్రి సార్, మెల్లగ. శానా మెల్లగ. ముందు నోరు తెరిపించి, మొహం కనబడేటట్టు ఒక ఫోటో పంపుండ్రి."

ఫోటో వచ్చింది. గుండు, కుర్చీకి ఆనిన తల, బారెడు తెరిచిన నోరు, పైవరుసలో కదలని ఆ క్యాప్. పూజ ఫోన్‌ను ప్రేమలత ముందు పట్టింది. ప్రేమలత చాలాసేపు చూసింది. తర్వాత గోడకు ఆనుకుని, ఇన్ని రోజుల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

"ఎంకట్రాములు సారేనమ్మా. గీయన బతికే ఉన్నడు!"

జగదీశ్ అప్పటికే నాగర్‌కర్నూల్ స్టేషనుకు ఫోన్ చేసి అరుస్తున్నాడు, క్లినిక్కు ముందు తలుపూ వెనక తలుపూ మూయండని. అది పెట్టేసి తన స్టేషనుకు కలిపాడు. నా వైపు చూడకుండా గొంతు తగ్గించాడు.

"సాంసన్‌ను కోర్టుకు తియ్యకుండ్రి. బయట కుర్చీల కూసోబెట్టుండ్రి. ఆయన భార్య అన్నం తీస్కొని వస్తుంది, లోపలికి రానియ్యుండ్రి."

ప్రేమలత కొంగుతో కళ్లు తుడుచుకుని, డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుని, సీఐ కంటే ముందు పోలీసు జీపెక్కి కూర్చుంది.